పెళ్ళిచూపుల నోటరీ

14 మార్చి 2005, సోమవారం, కర్నూలు

సర్టిఫికెట్ వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో, హైదరాబాదు నుంచి. కవరు చించి ఉన్నచోటే నిలబడి చదివేశాను. పదమూడేళ్ళ ప్రాక్టీసులో ఒక కాగితాన్ని ఇలా నిలబడి చదవడం రెండోసారి. మొదటిసారి తొలి కేసు ఓడిపోయినప్పుడు.

జ్ఞానేశ్వర్, అడ్వకేట్, ఈరోజు నుంచి నోటరీ కూడా. ఐదేళ్ళపాటు.

దీనికి రెండేళ్ళు పట్టింది. దరఖాస్తు అనకూడదట, మెమోరియల్ అనాలట. దాని కింద ఐదుగురు సంతకాలు పెట్టాలి. ఒక మేజిస్ట్రేటు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక వర్తకుడు, ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు. మా అన్న సుదర్శన్‌కు వన్‌టౌన్‌లో కిరాణా అంగడి ఉంది. అంటే వర్తకుడు ఇంట్లోనే ఉన్నాడు. కానీ సొంత అన్న చేత పెట్టించడం పద్ధతేనా అని నాకు అనుమానం వచ్చింది. బజారంతా తిరిగి పరాయి వర్తకుణ్ణి పట్టుకున్నాను. అన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు కూడా, నేను వర్తకుణ్ణి కాదనే గదా నువ్వు చెప్పింది అన్నాడు.

ఐదుగురిలో ఒక్కరూ కాగితం చదవలేదు. యాడ పెట్టాల అని అడిగారు, పెట్టారు. అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది.

రమ్యశ్రీకి చూపించాను. అయితే ఇంక మీ సంతకానికి విలువొచ్చిందన్నమాట అంది. ఇన్నాళ్ళూ లేదనా? అడగలేదు. పెళ్ళాన్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యకూడదని పదేళ్ళలో నేర్చుకున్నాను.

17 మార్చి

సీలు గొడవ. రూల్ ప్రకారం గుండ్రంగా ఉండాలి, అడ్డంగా ఐదు సెంటీమీటర్లు. కోర్టు ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే అతను చుట్టూ మామిడాకుల తోరణం చెక్కి ఇచ్చాడు. ఇదేమిటయ్యా అంటే, కొత్తగా మొదలు పెడతాండారు గదా సార్, శుభమని వేసినా అన్నాడు. స్కేలు పెట్టి కొలిచాను. ఐదున్నర ఉంది. మళ్ళీ చేయించాను. 

రిజిస్టరు కొన్నాను. వరస నంబరు, తేదీ, పేరు, కాగితం వివరం, సంతకం లేదా వేలిముద్ర. మొదటి పేజీకి రమ్యశ్రీ పసుపు రాసింది. 

మా కోర్టులో అందరికంటే పాత నోటరీ పెంచలయ్య గారి దగ్గరికి వెళ్ళి దండం పెట్టాను. ఈ పనిలో చెయ్యి ఆడాల గానీ నోరు ఆడకూడదప్పా అన్నారు. ఆ ముక్క చెప్పేలోపల పదకొండు కాగితాల మీద సీలు వేశారు. ఒక్క కాగితం తాలూకు మనిషి కూడా అక్కడ లేడు.

నేను మాత్రం ఒకటి అనుకున్నాను. మనిషిని చూడకుండా సీలు వెయ్యను. మరిచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

23 మార్చి, బుధవారం

మనుషులు రారు. కాగితాలు వస్తాయి.

అఫిడవిట్ అంటే ఒక మనిషి ప్రమాణం చేసి చెప్పిన మాట. ఆ మనిషి నా ముందు నిలబడాలి, నేను అడగాలి, అతను చెప్పాలి, సంతకం చెయ్యాలి, ఆ తర్వాతే సీలు. చట్టం అంతే. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. గుమాస్తాలకు అర్థం కాదు. సంతకాలన్నీ పెట్టించుకుని కట్టలు కట్టుకుని వస్తారు. పార్టీ ఏడయ్యా అంటే బస్టాండులో ఉండాడు సార్ అంటారు. పిలవమంటే బస్సెక్కినాడు సార్ అంటారు.

వెనక్కి పంపించాను. ఈరోజు పదహారు.

బార్ అసోసియేషన్‌లో నాకు పేరు పెట్టారు. పెళ్ళిచూపుల నోటరీ. పిల్లను చూపిస్తే గానీ సంబంధం ఖాయం చెయ్యడంట అని నవ్వుతున్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అని కూడా ఎవరో అన్నారు. ఎవరో కాదు, నాకు తెలుసు.

కోపం వచ్చింది. కొంచెం గర్వంగా కూడా ఉంది. ఈ రెంటిలో ఏది ఎక్కువో తెలియదు.

28 మార్చి, సోమవారం

ఓబుళేశు అని ఒకాయన వచ్చాడు. కాలువ డిపార్ట్‌మెంటులో లస్కరు. అంటే కాలువ గట్టున తిరుగుతూ తూములు ఎత్తి దించే పని. వాళ్ళ యూనియన్‌కు పెద్ద. తనతో పనిచేసే తిమ్మయ్య అనే లస్కరు తూము దగ్గర పాము కరిచి చచ్చిపోయాడట, ఎనిమిది రోజులైందట. ఆ ఉద్యోగం పెళ్ళానికి ఇప్పించాలని తిరుగుతున్నాడు. నెలాఖరుకు పేర్ల లిస్టు పై ఆఫీసుకు పోతుంది, ఈ సారి తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలీదు సార్ అన్నాడు.

అఫిడవిట్ తెచ్చాడు. నేను ఫలానా తిమ్మయ్య భార్య తిరుపతమ్మను, మా ఇంట్లో వేరే సంపాదన లేదు, అని. కింద వేలిముద్ర వేసి ఉంది. సిరా ఇంకా తడిగానే ఉంది. 

ఆమె ఏదయ్యా అన్నాను. తల గోక్కున్నాడు. ఆయమ్మ రాకూడదు సార్ అన్నాడు. రాకూడదు అంటే కుదరదు, నేను చూడకుండా వేసిన ముద్ర చెల్లదు అన్నాను. ఆ ముద్ర మీద అడ్డంగా గీత కొట్టి, కొత్త కాగితంతో మనిషిని తీసుకు రమ్మన్నాను. పెంచలయ్య సారు శ్రీశైలం పోయినారు, లేకుంటే మీకాడికి వచ్చేటోణ్ణి కాదు అని మొహం మీదే అన్నాడు.

అనుకోనీ.

29 మార్చి, మంగళవారం

ఓబుళేశు తిరుపతమ్మను తీసుకొచ్చాడు. చూశావా, రాకూడదన్నది ఒక్క రాత్రిలో వచ్చింది. గట్టిగా ఉంటే పనులు ఎలా జరుగుతాయో చెప్పడానికి ఇదే నిదర్శనం.

పొడుగు మనిషి. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. తలమీద కొంగు లాక్కుని నిలబడింది. నువ్వేనామ్మా తిరుపతమ్మవి అని అడిగాను. ఓబుళేశు వైపు చూసి, ఊ అంది. ఊ అంటే కాదు, నోటితో చెప్పాలన్నాను. నేనే తిరుపతమ్మను అంది. అఫిడవిట్ మొత్తం చదివి వినిపించాను. దేవుని సాక్షిగా నిజమే చెబుతున్నానని అనమన్నాను. అక్కడ మళ్ళీ ఓబుళేశు వైపు చూసింది. తర్వాత అంది. ఏడవలేదు. గుండె గట్టిదే అనుకున్నాను.

కాగితం మీద, రిజిస్టరులో, రెండు చోట్లా బొటనవేలు వేసింది. నంబరు నలభై ఒకటి. ఈమెను నేనెరుగుదును అని ఓబుళేశు సంతకం పెట్టాడు. సీలు చక్కగా పడింది. చుట్టు గీత ఎక్కడా తెగలేదు.

గడప దాకా పోయి వెనక్కి తిరిగింది. దేవుని పేరు మీద అనేసినా గదా సార్, పాపమేం లేదు గదా అని అడిగింది. నిజం చెబితే పాపమెందుకమ్మా అన్నాను.

ఈ పదిహేను రోజుల్లో పూర్తిగా రూల్ ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా చేసిన పని ఇదే.

8 మే

నలభై నాలుగు డిగ్రీలు. స్టాంపు ప్యాడ్ ఎండిపోయింది. కాగితాలూ రావడం లేదు, మనుషులూ రావడం లేదు.

21 జూన్, మంగళవారం, సాయంత్రం నాలుగు

ఒళ్ళింకా మండుతూనే ఉంది. అయినా రాస్తాను.

పొద్దున ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చింది. పొట్టిగా, సన్నగా, పాతికేళ్ళుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆఫీసువాళ్ళు ఇంకో కాగితం అడిగారట, అత్తను కూడా పోషిస్తానని అఫిడవిట్ ఇవ్వాలట. పేరు అడిగాను. తిరుపతమ్మ సామీ, లస్కరు తిమ్మయ్య పెండ్లాన్ని అంది.

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తిమ్మయ్య పెళ్ళాం నాకు తెలుసు. నా రిజిస్టరులో ఉంది. తేలు పచ్చబొట్టు. ఈమె చేతికి ఏమీ లేదు.

చిత్తుకాగితం మీద వేలు వెయ్యమన్నాను. వేసింది. భూతద్దం తీశాను (ఎప్పటికైనా పనికొస్తుందని కొన్నది, ఈరోజు పనికొచ్చింది). రిజిస్టరులో ముద్ర సుడిలాగా ఉంది. ఈ ముద్రలో గీతలు ఒక పక్కకు వంగి పోతున్నాయి. మూడుసార్లు చూశాను. సందేహం లేదు.

నువ్వు తిరుపతమ్మవు కాదు అన్నాను. నేనే సామీ అంది. కాదన్నాను. నేనే సామీ, నేను కాకుంటే ఎవురు అంది. చచ్చినవాడి ఉద్యోగం కొట్టెయ్యడానికి వచ్చావా, పోలీసుల్ని పిలుస్తానని అరిచాను. చుట్టూ మంది చేరారు. మా యక్క అని ఏదో అనబోయింది. మీ అక్క సంగతి నాకెందుకు అన్నాను. ఆమె అందరి కాళ్ళ వైపు చూస్తూ వెళ్ళిపోయింది. 

సంచి బల్ల మీదే మరిచిపోయింది.

22 జూన్

కాలువ ఆఫీసుకు, కడపకు, రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ రాశాను. కీర్తిశేషులు తిమ్మయ్య భార్య తిరుపతమ్మ పేరుతో వేరొక స్త్రీ తిరుగుతున్నది, జాగ్రత్త వహించగలరు, అని. కింద సీలు కూడా వేశాను.

బార్‌లో ఈ సంగతి చెబితే మొదటిసారి ఎవరూ నవ్వలేదు. సరైన పనే చేసినావప్పా అన్నారు. ఈ రాత్రి బాగా నిద్ర పడుతుంది.

27 జూన్, సోమవారం

ఆ సంచి ఎవరూ తీసుకుపోలేదు. ఈరోజు విప్పాను. రేషన్ కార్డు, భర్త డెత్ సర్టిఫికెట్, తువ్వాలలో చుట్టిన రెండు జొన్నరొట్టెలు. రొట్టెలు బూజు పట్టాయి.

కార్డు మీద ఇంటిల్లిపాదీ ఫోటో ఉంది. తిమ్మయ్య, ముసలామె, కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి. మొహం ఆవగింజంత. భూతద్దం పెట్టి చూశాను. పొడుగు మనిషి అనుకుని చూస్తే పొడుగ్గా ఉంది. పొట్టి అనుకుని చూస్తే పొట్టిగా ఉంది.

దొంగ అయితే డెత్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఎక్కడి నుంచి వచ్చింది? దొంగ అయితే రొట్టెలు కట్టుకుని వస్తుందా? రావచ్చు. దొంగలకు ఆకలి వెయ్యదా? 

ఇలా నాలో నేనే వాదించుకుంటే ఎప్పుడూ రెండు పక్కలా ఓడిపోతాను.

2 జులై, శనివారం

రమ్యశ్రీ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే సంగతంతా చెప్పాను. వినీ వినీ, మొదటామె వచ్చేనాటికి మొగుడు పోయి ఎన్ని దినాలయింది అని అడిగింది. తొమ్మిది అన్నాను. చిక్కుడుకాయ పక్కన పెట్టింది. తొమ్మిదో దినం ఏ ఆడది గడప దాటి కోర్టుకొస్తాదండీ, ఆ కులాల్లో మూడు నెలలు నిండేదాకా మూల కూర్చోబెడతారు, మొగోళ్ళ కంట పడనీరు, ఆ మాత్రం తెలీకుండా లా ఎట్ల చదివినారు అంది.

రెండో ఆమె ఎప్పుడొచ్చింది అని అడిగింది. చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మూడు నెలల ఒక్క దినం అంది.

మళ్ళీ చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను అక్కడే కూర్చున్నాను. ఓబుళేశు చెప్పనే చెప్పాడు. ఆయమ్మ రాకూడదు సార్ అన్నాడు. నేను రాలేదు అని విన్నాను.

3 జులై, ఆదివారం

స్కూటరు మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. కాలువ పక్కన బండపరుపు ఇల్లు. కాలువలో నీళ్ళు లేవు.

వాకిట్లో తిమ్మయ్య తల్లి రామేశ్వరమ్మ చింతపిక్కలు కొడుతూ కూర్చుంది. నేనెవరో చెప్పాను. చేతిలో రాయి కింద పెట్టలేదు. మా కోడల్ని కోడలు కాదన్నోనివి నువ్వేనా అంది. ఔనన్నాను. అయితే కూసో అంది.

ఎదురింట్లో నుంచి తేలు పచ్చబొట్టు ఆమె వచ్చింది. పేరు విశ్వాసమ్మ. తిరుపతమ్మకు సొంత అక్క. చర్చికి పోయే ఇంట్లో ఇచ్చారు, అక్కడ ఆ పేరు పెట్టారు. 

జరిగింది ఇది. తిరుపతమ్మ మూలలో ఉంది. ఓబుళేశు సిరా డబ్బా ఇంటికే తెచ్చి, తడిక సందులో చెయ్యి బయట పెట్టించి, ఆమె చేతనే వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం పెంచలయ్య గారి దగ్గరికి పోయి ఉంటే అర నిమిషంలో సీలు పడేది. ఆయన శ్రీశైలంలో ఉన్నారు. నా దగ్గరికి వచ్చింది. నేను గీత కొట్టాను. మనిషి కావాల్సిందే అన్నాను. ఆ మొండి నోటరీ ఆడమనిషి మొగం చూడకుంటే సీలు వెయ్యడంట అని ఓబుళేశు వచ్చి తలపట్టుకుంటే, నేను పోతాలే అని విశ్వాసమ్మ లేచింది.

అంటే తిరుపతమ్మ నిజమైన వేలిముద్ర నా చేతికి వచ్చింది. నేనే దాన్ని కొట్టేశాను. దాని బదులు ఇంకో వేలు అడిగి మరీ వేయించుకుని, ఇదే నిజమని రాశాను.

అది తప్పమ్మా, వేరేవాళ్ళ పేరు చెప్పి ప్రమాణం చెయ్యకూడదు అన్నాను. ఎంత చేతకాని మాట. రామేశ్వరమ్మ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. ఇద్దురూ ఒక కడుపులో పుట్టినోళ్ళు, మూలలో ఉన్నదానికి అక్కే నీళ్ళు పోస్తాది, అక్కే అన్నం పెడతాది, ఏలు ఒక్కటే పెట్టకూడదా సామీ అని అడిగింది. జవాబు చట్టంలో ఉంది గానీ, ఆ వాకిట్లో దాన్ని బయటికి తియ్యడానికి సిగ్గేసింది.

విశ్వాసమ్మ మాత్రం, మా పాస్టరయ్యతో ఒప్పుకున్నా సార్, ఆయన ప్రార్థన చేసినాడు, మీకాడ కూడా ఒప్పుకోవాల్నా అంది. 

అప్పుడు తిరుపతమ్మ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను సంచి ఇచ్చాను. కార్డు ఉందా లేదా అని చూసుకుంది. నా మీద అరవలేదు, తిట్టలేదు. ఆఫీసాయన వచ్చి చెప్పిపోయినాడు సామీ, నేను దొంగనని యాడనుంచో జాబు వచ్చిందంట, పదహైదో తారీకు దాటితే ఉద్యోగం ఇంకొకరికంట అంది. యాడనుంచో కాదు, నేనే రాశానని చెప్పాను. తెలుసు సామీ అంది.

నీళ్ళు తాగాను. చేదుగా ఉన్నాయి. ఆ ఊరి నీళ్ళే అంత.

5 జులై

పెంచలయ్య గారికి అంతా చెప్పాను. సీలు వేస్తూనే విన్నారు. కాసేపటికి సీలు ఆపారు. ఆయన సీలు ఆపడం ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్తే ఏమైతాదో ఆలోచించినావా అన్నారు. విశ్వాసమ్మ మీద కేసు. నేనెరుగుదును అని సంతకం పెట్టిన ఓబుళేశు మీద కేసు, అతని ఉద్యోగం కూడా పోతుంది. దొంగ కాగితం పెట్టిందని తిరుపతమ్మ పేరు లిస్టులోంచి కొట్టేస్తారు. చెప్పకుంటే తిరుపతమ్మ ఒక్కతే పోతుంది. 

నోరు మూసుకోమన్నారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు. తొక్కేశాను కదండీ అన్నాను. 

అప్పుడు నవ్వారు. మొగం చూడకుండా సీలేసేటోళ్ళం ఇంతమందిమి ఉండాం, ఒక్కనికీ ఏమీ కాలేదు, చూసి వేసినోనివి, నీకే వచ్చిందే అన్నారు. ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

8 జులై, శుక్రవారం

కాలువ ఆఫీసుకు నాలుగు డ్రాఫ్టులు రాశాను, నాలుగూ చించాను. నిజం రాస్తే ముగ్గురు పోతారు. మౌనంగా ఉంటే ఒకామె పోతుంది. ఇన్నాళ్ళూ నిజానికీ అబద్ధానికీ మధ్య గీత కొట్టే మనిషిని నేనే అనుకున్నాను. ఆ గీత ఎక్కడ ఉందో ఇప్పుడు నాకే కనబడటం లేదు.

ఐదో డ్రాఫ్టు ఒకటి ఉంది. రమ్యశ్రీకి చదివి వినిపించాను. సీలు పోతుందేమో అన్నాను. పోతే పోనీండి, మామిడాకులు ఉన్నదైనా కాదు అంది.

11 జులై, సోమవారం, కర్నూలు వచ్చే బస్సులో, సాయంత్రం

కడప వెళ్ళాను. కాలువ ఆఫీసులో సూపరింటెండెంటు మర్యాదగానే కూర్చోబెట్టాడు. నా ఐదో డ్రాఫ్టు చదివాడు. పోయిన నెల ఆమె దొంగ అని రాసినారు, ఇప్పుడు నేను తప్పు రాసినా అని రాసినారు, ఉత్త లెటర్ పెట్టుకుని నేనేం చేసేది సార్, ప్రమాణ పత్రం మీద రాసి నోటరీ చేయించుకు రాండి అన్నాడు.

నోటరీ తన కాగితానికి తాను సీలు వేసుకోకూడదు. ఆ రూలు నాకు తెలుసు.

కడప కోర్టు దగ్గర వేపచెట్టు కింద టైపు చేయించాను. అందులో ఇలా ఉంది. మార్చి ఇరవై తొమ్మిదో తేదీన తిరుపతమ్మ గానీ, ఆమె పేరుతో వేరెవరు గానీ నా ఎదుటకు రాలేదు. కాగితం వేలిముద్రతోనే బయటి నుంచి వచ్చింది, రిజిస్టరు కూడా బయటికి పంపి ముద్ర వేయించుకున్నాను. నేను ఎవరినీ చూడకుండా, ఎవరినీ అడగకుండా సీలు వేశాను. ఆ ముద్ర ఎవరిదో నాకు తెలియదు. ఎరుగుదునని సాక్షి పెట్టిన సంతకం నా మాట నమ్మి పెట్టినది. జూన్ ఇరవై ఒకటిన వచ్చిన స్త్రీయే అసలు తిరుపతమ్మ. తప్పు పూర్తిగా నాది.

చివరి రెండు వాక్యాలు నిజం.

అక్కడి నోటరీ బల్ల ముందు లైనులో నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ప్రమాణం చేసి అబద్ధం చెప్పబోతున్నాను. నువ్వేనా జ్ఞానేశ్వర్‌వి అని అడిగితే ఔనని చెప్పాలి. ఇది నిజమేనా అని అడిగితే ఏం చెప్పాలి? మొహం చూసి పట్టేస్తాడేమో. నేనైతే పట్టేసేవాణ్ణి. విశ్వాసమ్మను పట్టలేదు కదా. అయినా పట్టేసేవాణ్ణే అనిపించింది.

నోటరీ సెల్‌ఫోనులో ఎవరితోనో బోరు గురించి మాట్లాడుతున్నాడు. ఐదు వందల అడుగులు పోయినా దుమ్మే వస్తాందంట. కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. పార్టీ వచ్చినాడా అని టైపిస్టును అడిగాడు. వచ్చినాడు సార్ అని టైపిస్టు మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు. సీలు పడింది. స్వయముగా నా ఎదుట హాజరై ప్రమాణము చేసెను, అని సంతకం పెట్టాడు. రిజిస్టరు కూడా తిప్పి పెట్టాడు, దాంట్లో వేలుతో చోటు చూపించాడు, నేను సంతకం పెడుతుంటే ఇంకో వందడుగులు వేయించు అని ఫోనులో చెప్పాడు. నా వెనకున్నాయన కాగితం అందుకున్నాడు.

నేను అక్కడే నిలబడ్డాను. జరగప్పా అన్నారు.

నేను ఎవరినీ చూడకుండా సీలు వేశానని చెప్పిన కాగితం మీద, నన్ను చూడకుండా సీలు వేశాడు. కాగితంలో ఉన్నది అబద్ధం. దానిమీద సీలు అబద్ధం. ఈ రెండూ కలిపి ఇస్తే సూపరింటెండెంటు తృప్తిగా ఫైల్లో పెట్టుకుని, ఇంక తిరుపతమ్మ పేరు లిస్టులో ఉంటాది సార్ అన్నాడు. 

మైదుకూరు దాటింది. అబద్ధం ఆడిన బాధ ఏమైనా ఉందా అని చూసుకుంటున్నాను. ఆకలిగా ఉంది.

24 ఆగస్టు

ఎవరినీ చూడకుండా సీలు వేశానన్న ఆ కాగితం మీద, హైదరాబాదు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. సంజాయిషీ ఏమీ రాయలేదు. సర్టిఫికెట్, సీలు, రిజిస్టరు తీసుకెళ్ళి ఇచ్చేశాను. బోర్డు దించాను. బార్‌లో ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళిచూపుల నోటరీ అని కూడా అనలేదు. అదే కష్టంగా ఉంది.

16 సెప్టెంబరు, శుక్రవారం

తిరుపతమ్మ వచ్చింది. ఆర్డరు వచ్చిందట, మొగుడు చూసిన తూమే ఇచ్చారట. చేరేటప్పుడు కావలసిన కాగితాలన్నీ ఇచ్చేసిందట. మరి నాతో ఏం పని అన్నాను. నేను తిరుపతమ్మనని రాసియ్యాల సామీ అంది.

ఇప్పుడు నేను నోటరీ కాదు, సీలు లేదు అన్నాను. బోర్డు ఉన్నచోట నాలుగు మేకులు చూపించాను. వాటిని చూసింది. పదిమందిలో కాదన్నోనివి నువ్వు సామీ, ఔనని ఇంకెవురు రాస్తే ఏముండాది అంది.

తెల్లకాగితం తీసుకున్నాను. ఆమె మొహం చూశాను. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది, జూన్‌లో నేను చూడలేదు. ఈమె తిరుపతమ్మ, అని రాసి కింద సంతకం పెట్టాను.

అది ఎక్కడా చెల్లదు. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని వెళ్ళిపోయింది.